సీల్ నిద్ర లేచేదాకా

మా ఆవిడ దృష్టిలో క్రూజ్ అంటే పది పన్నెండు అంతస్తుల తెల్లటి ఓడ. పైన ఈతకొలను, లోపల అద్దాల లిఫ్టులు, ఎప్పుడు వెళ్ళినా మూతపడని బఫే. మా పక్కూరు అరోరాలో ఉన్న తన స్నేహితురాళ్ళందరూ అలాంటి ఓడల్లో తిరిగొచ్చి ఫోటోలు చూపించినవాళ్ళే. నా దృష్టిలో క్రూజ్ అంటే తను అడిగింది కాబట్టి బుక్ చేయాల్సినది. వెబ్‌సైట్‌లో "చిన్న ఓడ, ప్రశాంతత, హవాయి ద్వీపాల మధ్య ప్రకృతితో మమేకం" అని ఉంటే, ప్రశాంతత అన్న ఒక్క మాట చూసి క్లిక్ చేశాను. చిన్న అన్న మాట దానికంటే ముందే ఉంది. అది వాళ్ళ వినయం అనుకున్నాను.

2009 ఫిబ్రవరి అది, ఉద్యోగాలు ఊడుతున్న మాంద్యం కాలం. ఆఫీసుల్లో సెలవు అడగడానికి మాకు భయం, ఇవ్వడానికి మేనేజర్లకి భయం. ఎవరు తిరిగొస్తారో, వచ్చేసరికి ఎవరి సీటు ఉంటుందో ఎవరికీ తెలియదు. అలాంటి రోజుల్లో మా మేనేజరే పిలిచి, మిగిలిన సెలవులు వాడేసుకో అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో అని మూడు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత తెలిసింది, దానికి అర్థం సెలవులు వాడుకోమనే.

మాతోపాటు అత్తగారు కూడా ఉన్నారు. మా ఆవిడ తల్లి. తెనాలిలో గర్ల్స్ హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. మామగారు పోయి చాలా కాలమైంది. అక్టోబరులో షికాగో పక్కనున్న మా నేపర్‌విల్ వచ్చినప్పటినుంచి ఆవిడ చూసిన అమెరికా అంతా మా హాల్లో కిటికీలోంచి కనపడే మంచు, ఆ మంచుని ఎత్తిపోసే పక్కింటాయన. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నా, నాకూ ఆవిడకీ మధ్య మర్యాద అనే ఒక నాలుగో మనిషి ఉండేవాడు. పెళ్ళయి ఆరేళ్ళయినా నేను కూర్చున్న సోఫాలో ఆవిడ కూర్చుని ఎరగరు. నేను హాల్లోకి వస్తే ఆవిడ వంటింట్లోకి వెళ్ళేవారు, నేను వంటింట్లోకి వెళ్తే పూజగదిగా మార్చిన బట్టల క్లాజెట్ ముందుకి. నన్ను "బాబూ", "మీరు" అనడమే తప్ప ఇంకోలా పిలిచింది లేదు. అలాంటి ఇద్దరు మనుషుల్ని వారంరోజులపాటు ఒకే ఓడలో పెట్టడం మంచి ఆలోచన అని మా ఆవిడకి ఎందుకు తోచిందో ఇప్పటికీ తెలియదు.

మావీ ద్వీపం రేవులో దిగాక, తెల్లటి చిన్న పడవలాంటిదొకటి కట్టేసి ఉంటే, అది మమ్మల్ని అసలు ఓడ దగ్గరికి తీసుకెళ్తుందనుకుని ఎక్కి కూర్చున్నాం. కాసేపటికి మా ఆవిడ అక్కడున్న అమ్మాయిని అడిగింది, ఓడ ఎంత దూరంలో ఉంది అని. ఎండకి రాగిరంగు తిరిగిన ఆ అమ్మాయి మా గైడ్ అట. "మీరు ఓడలోనే ఉన్నారు" అంది, అదేదో శుభవార్త అన్నట్టు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

గది తాళంచెవి కంటే ముందు ముగ్గురి చేతుల్లోనూ కప్పకాళ్ళలాంటి రబ్బరు చెప్పులు, కళ్ళకి పెట్టుకునే అద్దం, నోట్లో పెట్టుకునే గొట్టం పెట్టారు. ప్రయాణికులు ముప్ఫై మంది దాకా ఉంటారేమో, దాదాపు అందరూ రిటైరైన అమెరికన్లు. అందరి మెడలోనూ బైనాక్యులర్స్, అందరి మోకాళ్ళూ నా మోకాళ్ళకంటే గట్టివి. లిఫ్ట్ లేదు, కొలను లేదు. భోజనం గంట కొట్టినప్పుడే. శాకాహారులం అని ముందే చెప్పాం కాబట్టి వంటాయన మాకోసం ప్రత్యేకంగా అరచెయ్యంత పుట్టగొడుగు కాల్చి పెట్టాడు. మర్నాడు కూడా పెట్టాడు. ఆ మర్నాడు దానిమీద చీజ్ వేశాడు. అత్తగారు ఫోర్కుతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మాయ్, ఇది కూడా వైల్డ్ లైఫ్ కిందికే వస్తుందా?" అని అడిగారు.

మొదటిరోజు పొద్దున్న పైడెక్ మీద నిలబడి ఉండగా గైడ్ అమ్మాయి మైకులో "టూ ఓ క్లాక్! టూ ఓ క్లాక్!" అని అరిచింది. జనమంతా కుడివైపు పరిగెత్తారు. అత్తగారు చేతి గడియారం చూసుకుని, "ఇంకా పదన్నా కాలేదే" అన్నారు. అది దిక్కు చెప్పే పద్ధతనీ, ఓడ ముక్కు పన్నెండయితే దానికి కొంచెం కుడిపక్క రెండనీ మాకు అర్థమయ్యేసరికి తిమింగలం వచ్చింది, వెళ్ళింది. ఒకసారి పద్ధతి తెలిశాక అత్తగారు అందులో ఆరితేరారు. ఆవిడ కంటికి కనపడనిది లేదు. వెనక బెంచీలో చూసి రాసేవాళ్ళని పట్టుకున్న కళ్ళు మరి. "టెన్ ఓ క్లాక్, ప్లీజ్" అని ఆవిడ ప్రశాంతంగా అంటే చాలు, బైనాక్యులర్స్ అన్నీ అటు తిరిగేవి. నాకేమో ఓడ కదిలినప్పటినుంచీ కడుపులో తిప్పుడు. ఎటువైపు తిమింగలం ఉంటే దానికి అవతలివైపు రెయిలింగ్ మీద వంగి ఉండేవాణ్ణి. తిరిగొచ్చి ఏమైందని అడిగితే, "ఏం లేదు బాబూ, తోక. ఎత్తింది, దించింది" అని చెప్పేవారు, నన్ను ఓదారుస్తున్నట్టు.

నీళ్ళలోకి దిగడం ఇంకో కథ. నాకు ఈత రాదు. బెజవాడలో కృష్ణ పక్కనే పుట్టి పెరిగినా రాదు. చంకల కింద రబ్బరు దిమ్మ ఒకటి పెట్టి, గైడ్ అమ్మాయి నర్సరీ పిల్లాణ్ణి నడిపించినట్టు చెయ్యి పట్టుకుని నీళ్ళమీద లాక్కెళ్ళింది. ఒక తాబేలు కింద నుంచి వచ్చి, నన్ను తేరిపార చూసి, తన దారిన వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరు ఎవర్ని చూడటానికి వచ్చారో చెప్పడం కష్టం. మా ఆవిడ మాత్రం, వెబ్‌సైట్ నన్ను మోసం చేసిందనీ, నేను తనని మోసం చేశాననీ పొద్దుటిదాకా అన్న మనిషి, ఒకసారి నీళ్ళలోకి దూకాక మళ్ళీ పైకి రమ్మన్నా రాలేదు.

అసలు సంగతి లనాయ్ ద్వీపం దగ్గర జరిగింది.

ఆవేళ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పదిమందిమి రబ్బరు పడవలో ఒడ్డుకి వెళ్ళాం. రెండు పక్కలా నల్లటి లావా రాళ్ళు, మధ్యలో చిన్న ఇసుకపట్టు. పడవ ఆగడానికి అదొక్కటే చోటు. పడవని ఇసుకలోకి లాగి, లైఫ్ జాకెట్లు పక్కన కుప్పపోసి, గైడ్ వెనకాల కొండవాలు మీద పిట్టలు చూడ్డానికి నడిచాం. తిరిగొచ్చేసరికి లైఫ్ జాకెట్లకి ఆనుకుని పెద్ద బూడిదరంగు బస్తా ఒకటి పడి ఉంది. ఎవరో సామాను దించారనుకున్నాను.

బస్తా తుమ్మింది.

గైడ్ రెండు చేతులూ చాచి అందర్నీ ఆపేసింది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు. అది మాంక్ సీల్ అట. సముద్రంలో వేటాడి, అలసిపోయాక ఒడ్డుకొచ్చి నిద్రపోతుందట. లోకం మొత్తంలో ఇవి బాగా తక్కువ మిగిలాయనీ, దీన్ని చూడటమే అదృష్టమనీ గుసగుసగా చెప్పింది. దగ్గరికి వెళ్ళకూడదు, చప్పుడు చేయకూడదు, నిద్ర లేపకూడదు. చట్టం.

"మరి మన పడవ?" అని అడిగాడు మాలో ఉన్న టెక్సస్ పెద్దాయన. లాయరుగా చేసి రిటైరయ్యాడు. ఆరడుగుల పైన ఉంటాడు.

"పడవ దాని దగ్గర ఉంది కదా" అంది గైడ్.

"ఎంతసేపు పడుకుంటుంది?"

"దాని ఇష్టం."

అమెరికా వచ్చాక నేను చాలా ఆఫీసుల్లో, చాలా కిటికీల ముందు నిలబడి, నా పని ఎప్పుడవుతుందని అడిగాను. ఇంత నిజాయితీగా ఎవరూ జవాబు చెప్పలేదు.

లాయరుగారు ఊరుకోలేదు. మెల్లగా వెళ్ళి పడవ లాక్కోవడం భంగపరచడం కిందికి వస్తుందా, రాదా, చట్టంలో ఆ మాటకి అర్థం ఏమిటి అని మొదలుపెట్టాడు. గొంతు పెరిగింది. సీల్ ఒక కన్ను తెరిచింది. అప్పుడు మా అత్తగారు ఆయన వైపు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకుని, ఒక్క చూపు చూశారు. ఆయన ఇసుకలో కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

గైడ్ వాకీటాకీలో ఓడకి చెప్పింది. ఇంకో పడవ పంపగలరు గానీ రాళ్ళ దగ్గర ఒడ్డుకి రావడం కుదరదు, కెరటాలు కాస్త తగ్గేదాకా ఆగమన్నారు. ఆగాం. సర్కారు తుమ్మలాంటి ముళ్ళచెట్టు ఒక్కటుంటే దాని సన్నటి నీడలో సర్దుకున్నాం. మా ఆవిడ టోపీ మొహం మీద వేసుకుని పడుకుంది. నీడ అంతే ఉంది కాబట్టి, అత్తగారు మొదటిసారిగా వచ్చి నా పక్కన కూర్చున్నారు.

కాసేపు ఇద్దరం సీల్ వైపు చూశాం. ఇంకెటు చూడాలో తెలియక.

"బాబూ, మీతో ఒక మాట" అన్నారు గుసగుసగా.

"చెప్పండి అత్తయ్యగారూ."

"నా టిక్కెట్టు ముందుకి జరపడం కుదురుతుందా?"

నేను కంగారుపడ్డాను. "ఏమైనా ఇబ్బందిగా ఉందా ఇంట్లో?"

"ఏ ఇబ్బందీ లేదు. అదే ఇబ్బంది" అన్నారు. కొంచెం ఆగి, "ఏప్రిల్లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎలక్షన్లు. నేను సెక్రెటరీనని మీకు తెలుసు కదా. నాలుగో ఫ్లోర్లో ఉన్నాయన, నేనిక అమెరికాలోనే ఉండిపోతానని ఇంటింటికీ తిరిగి చెప్తున్నాట్ట. లిఫ్ట్ పాడై నెలరోజులైంది. ఒక్కడూ మెకానిక్‌కి ఫోన్ చెయ్యలేదు" అన్నారు. గుసగుసలో కూడా ఆవిడ కోపం స్పష్టంగా వినపడింది.

"అమ్మాయితో చెప్తే..."

"అమ్మో, దానికి చెప్పకండి. నేనుంటే ఇంట్లో మనిషుందని ధైర్యంగా ఉందంటుంది. బాధపడుతుంది. మీరే ఏదో ఒకటి చెప్పండి."

నా ఇబ్బంది ఏమిటంటే, సరిగ్గా అంతకు ముందు వారం కార్లో వెళ్తుంటే మా ఆవిడ నాతో ఒక మాట అంది. అమ్మకి వీసా ఎక్స్‌టెన్షన్ అప్లై చేద్దాం, అక్కడికెళ్తే ఒక్కతే అయిపోతుంది అంది. సిగ్నల్ దగ్గర కారు ఆగాక, నిజం చెప్పాలంటే నాకు ఊపిరాడట్లేదండీ అంది. దుప్పటి మడత దగ్గర్నుంచి చారులో ఉప్పు దాకా ఇన్‌స్పెక్షనే, కానీ వెళ్ళమని ఎలా అంటాను, అమ్మకి మాత్రం చెప్పకండి అంది. అంటే తల్లి కూతురి కోసం ఉంటోంది, కూతురు తల్లి కోసం ఉంచుకుంటోంది. ఇద్దరూ నన్ను నోరు మూసుకోమన్నారు. నేను రెండువైపులా మూసుకున్నాను.

ఇప్పుడేం చెప్పాలా అని చూస్తుంటే టోపీ కింద నుంచి వినపడింది.

"నాకు వినపడుతోందమ్మా."

మా ఆవిడ లేచి కూర్చుంది. మొహం ఎర్రబడి ఉంది. ఎండవల్ల కూడా కావచ్చు. "నీకోసం ఎక్స్‌టెన్షన్ పెడదామనుకుంటుంటే, నువ్వు ఆ లిఫ్ట్ కోసం వెళ్ళిపోతానంటావా?" అంది.

"నాకోసమా? నేను ఉన్నది నీకోసం కదే!"

"నేను అడిగానా?"

"అడగాలా?"

గైడ్ అమ్మాయి దూరంనుంచి చేతులు జోడించి, సీల్ వైపు చూపించింది. ఇద్దరూ గొంతు తగ్గించారు. వాళ్ళు మామూలుగా పోట్లాడుకుంటే నేను బేస్‌మెంట్‌లో ఉన్నా వినపడుతుంది. ఆరోజు మాత్రం ఇన్నేళ్ళ లెక్కలన్నీ, ఎవరు ఎవరికోసం ఏం మానుకున్నారో అంతా, చెవిలో మంత్రం చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు. గొంతు పెంచే వీల్లేకపోతే మనుషులు ఎదుటివాళ్ళు చెప్పేది వినాల్సి వస్తుంది. "అక్కడ ఒంటరిగా ఉంటావని కదమ్మా" అని మా ఆవిడ ఏడుపుగొంతుతో అంటే, "ఒంటరిగానా? నలభై ఫ్లాట్లే అవి! నన్ను ఊపిరి తీసుకోనిస్తారా?" అన్నారావిడ. "నాకూ ఊపిరాడట్లేదు" అని మా ఆవిడ నోరు జారింది. జారాక చేత్తో మూసుకుంది.

 అత్తగారు ఒక పుల్ల తీసుకుని ఇసుకలో గీతలు గీశారు.

ఈలోగా లాయరుగారు నా దగ్గరికి జరిగి, మీ అత్తగారికి ఒంట్లో బాగానే ఉందా అని మెల్లగా అడిగాడు. బాగానే ఉంది, ఇండియాలో ఎలక్షన్ ఉంది, పోటీ చేయాలంటున్నారు అని చెప్పాను. ఏ పదవికి అన్నాడు. సెక్రెటరీ అన్నాను. వాళ్ళ ప్రభుత్వంలో సెక్రెటరీ అంటే మంత్రి. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఇందాక తనని కూర్చోబెట్టిన చూపుకి కారణం దొరికినట్టు తలూపాడు. నేను వివరించి ఉండవచ్చు. వివరించలేదు. మిగిలిన ప్రయాణమంతా ఆయన ఆవిడ కోసం తలుపులు తెరిచి పట్టుకున్నాడు.

అప్పుడు సీల్ బోర్లా నుంచి వెల్లకిలా తిరిగి, పొడుగ్గా ఒక గురక పెట్టింది. మధ్యలో ఆగి, అయిపోయిందనుకునేలోగా మళ్ళీ అందుకుంది. అత్తగారు పుల్ల ఆపి, "అచ్చం మీ నాన్నగారే" అన్నారు.

మా ఆవిడ కొంగు లేదు కాబట్టి టోపీ నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆవిడా నవ్వారు. చప్పుడు రాకూడదు కాబట్టి ఇద్దరి భుజాలూ ఎగిరెగిరి పడ్డాయి. నవ్వులోంచి ఏడుపెప్పుడు మొదలైందో, అది ఎవరిదో నేను చూడలేదు. నేను మర్యాదగా సీల్ వైపు చూస్తున్నాను.

ఎండ వాలేసరికి రెండో పడవ వచ్చింది. రాళ్ళకి అవతల, నడుం లోతు నీళ్ళలో ఆగింది. ఓడ కుర్రాళ్ళు ఇద్దరు లైఫ్ జాకెట్లు తెచ్చి మాకు తొడిగి, ఒక తాడు పట్టుకుని నీళ్ళలో నడిచి రావాలన్నారు. నడుం లోతు అన్నది వాళ్ళ నడుం. అత్తగారు చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, పైన నారింజరంగు జాకెట్ బిగించుకున్నారు. మా ఆవిడ అప్పటికే ఈదుకుంటూ పడవ చేరిపోయింది.

"నాకు ఈత రాదత్తయ్యగారూ" అన్నాను.

"నాకూ రాదు. పదండి" అన్నారు.

నాలుగడుగులు బాగానే వేశాం. ఐదో అడుగుకి పక్కనుంచి కెరటం ఒకటి వచ్చి ఇద్దర్నీ లేపేసింది. కాళ్ళకింద నేల లేదు, చేతిలో తాడు లేదు. నోట్లోకి, ముక్కులోకి ఉప్పునీళ్ళు. అప్పుడు నా చెయ్యి ఎవరో గట్టిగా పట్టుకున్నారు, గాజులు గుచ్చుకునేలా.

"ఒరేయ్! వదలకురా! పట్టుకో వెధవా, గట్టిగా పట్టుకో!"

పట్టుకున్నాను. ఆరేళ్ళలో ఆవిడ నన్ను అలా పిలవడం అదే మొదలు. నీళ్ళు మింగుతూ కూడా, మా అమ్మ తప్ప ఎవరూ నన్ను ఒరేయ్ అనరు కదా అనిపించింది. అలాంటి సమయంలో అనిపించాల్సింది అది కాదని తెలుసు. కుర్రాళ్ళు వచ్చి మా ఇద్దర్నీ జాకెట్ల వెనక పట్టీలు పట్టి, బియ్యం బస్తాల్ని ఎత్తినట్టు పడవలో పడేశారు.

పడవలో అత్తగారు చీర సర్దుకున్నారు, జుట్టు పిండుకున్నారు, కళ్ళజోడు ఉందో లేదో తడుముకున్నారు. తర్వాత నా వైపు చూడకుండా, "మీకేం దెబ్బలు తగల్లేదు కదా బాబూ" అన్నారు.

"లేదండీ" అన్నాను. మా ఆవిడ నన్నూ, ఆవిడనీ మార్చి మార్చి చూసింది.

అందరం ఎక్కాక, పడవ ఇంజన్ అందుకున్నాక, ఒడ్డున సీల్ నిద్ర లేచింది. ఒళ్ళు విరుచుకుని, పొట్టమీద పాకుకుంటూ నీళ్ళలోకి దిగి, మా పడవ పక్కనుంచే ఈదుకుంటూ పోయింది. ఎవరి వైపూ చూడలేదు. ఖాళీ ఇసుకలో మా మొదటి పడవ, జాకెట్ల కుప్ప అలాగే ఉన్నాయి. లాయరుగారు ఏదో అనబోయి, అత్తగారి వైపు చూసి మానుకున్నాడు.

మర్నాడు పొద్దున ఓడ పైడెక్ రెయిలింగ్‌కి ఆరుగజాల పోచంపల్లి చీర ఆరేసి ఉంది. కెప్టెన్ వచ్చి చూసి వెళ్ళాడు. ఎవరూ తియ్యమనలేదు.

హొనొలులు ఎయిర్‌పోర్ట్‌లో షికాగో ఫ్లైట్ కోసం కూర్చున్నప్పుడు మా ఆవిడే ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసింది. మార్చి మొదటివారం చాలు అన్నారు అత్తగారు. మా ఆవిడ ఫోన్లో మార్చి ఆఖరివారం అడిగింది. అత్తగారు బయట పేవ్‌మెంట్ మీద గంతులేస్తున్న గోరింకల వైపు చూస్తూ విననట్టే ఉండిపోయారు. ఆ మూడు నాలుగు వారాలూ ఇంట్లో చారులో ఉప్పు ఎవరూ పట్టించుకోలేదు. సోఫాలో, నేనున్నా సరే, అటు చివర కూర్చుని ఆవిడ న్యూస్ చూసేవారు.

ఎలక్షన్లో ఆవిడ ఓడిపోయారు. నాలుగో ఫ్లోర్ ఆయన ఎలక్షన్ ముందురోజే లిఫ్ట్ బాగుచేయించాట్ట. ఆ రాత్రి మా ఆవిడ ఫోన్ స్పీకర్లో పెట్టి, ఇంక అక్కడ పనేముందమ్మా, ఎండలు ముదరకముందే మళ్ళీ వచ్చెయ్యి అంది.

"బావుంది! ఇప్పుడెలా కుదురుతుందే? అపోజిషన్లో ఎవరో ఒకరు ఉండద్దూ?" అన్నారు ఆవిడ, మంచి ఉత్సాహంగా.